చెప్పగలిగినవాళ్లు ఉండగానే: ఆదివాసీ చరిత్ర, గ్రంథాలయాలు, డిజిటల్ ప్రతులు

(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



గిడుగు వారి పేరు చెప్పగానే తెలుగువాళ్లకు వాడుక భాష గుర్తుకొస్తుంది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. గ్రాంథికవాదులతో ఆయన చేసిన పోరాటం ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే మనిషి అంతకన్నా ఎక్కువ కాలం చేసిన మరో పని గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకుంటాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, 1890ల నుంచి, ఆయన సవర భాష వెంట పడ్డారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు, పాఠ్యపుస్తకం లేదు. సవర మాట్లాడేవాళ్లనే గురువులుగా పెట్టుకున్నారు. వాళ్ల పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు నడిపారు. వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు. సంస్కృత వ్యాకరణపు చట్రంలోనూ తెలుగు వ్యాకరణపు చట్రంలోనూ ఇమడని ఆ ముండా భాషను ధ్వనిశాస్త్ర సంకేతాలతో కాగితం మీద పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. 1940 జనవరిలో ఆయన కన్నుమూశారు. అంటే నిఘంటువు చేతికందాక రెండేళ్లు కూడా లేరు.

ఆ పనిలోని ఒక పద్ధతి నుంచే నా మాట మొదలవుతుంది. ఆయన ముందు మనిషి దగ్గరకు వెళ్లారు, తర్వాత కాగితం దగ్గరకు వచ్చారు. ఇవాళ ప్రపంచమంతటా పెద్ద పరిశోధన గ్రంథాలయాలు తమ దగ్గరున్న ఆదివాసీ చరిత్ర ప్రతులను డిజిటల్ చేస్తున్నాయి. చాలాచోట్ల ఈ వరస తలకిందులవుతోంది. ముందు కాగితం, తర్వాత యంత్రం, చివరికి తీరికుంటే మనిషి. ఈ వరస మార్చాలన్నదే నా వాదన. దాన్ని అంచెలంచెలుగా మీ ముందు పెడతాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా నుంచి తీసుకుంటున్నాను. అక్కడ ఈ పని మనకన్నా చాలా ముందు మొదలైంది. దెబ్బలూ ముందే తగిలాయి, పాఠాలూ ముందే నేర్చుకున్నారు.

1

ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. 1743లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థాపించాడు. ఆ దేశానికి మూడో అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ దీనికీ చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. జెఫర్సన్‌కు ఆదివాసీ భాషల మీద ఆసక్తి. ఎంపిక చేసిన మాటల పట్టిక ఒకటి తయారుచేసుకుని, నిప్పు, నీరు, తల్లి, తండ్రి వంటి మాటలను ఏ జాతి ఏమంటుందో ముప్ఫై ఏళ్లపాటు రాయించాడు. సుమారు 50 భాషల పట్టికలు పోగయ్యాయి. 1809లో పదవి దిగి ఇంటికి వెళ్తూ సామాను పడవ మీద పంపాడు. ఆ పట్టికలున్న పెట్టె బరువుగా ఉండటం చూసి ఒక దొంగ ఎత్తుకుపోయాడు. తెరిస్తే కాగితాలు. విసుగెత్తి జేమ్స్ నదిలో పారేశాడు. బురద పట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొన్ని ఆకులు మాత్రం దొరికాయి. మిగిలినవాటిని తర్వాత సొసైటీలో చేర్చారు.

వింటున్న గ్రంథపాలకులకు గుండె కలుక్కుమని ఉంటుంది. వెంటనే, ‘అందుకే కదా స్కాన్ చేయాలంటున్నాం’ అనాలనిపిస్తుంది. నిజమే. ఒకే ఒక్క ప్రతి ఉన్నది ఏదైనా ప్రమాదంలో ఉన్నట్టే. కానీ ఆ సొసైటీలోనే ఉన్న మరో జెఫర్సన్ పట్టికను చూడండి. 1791 జూన్‌లో ఆయన తన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌తో కలిసి న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ వెళ్లినప్పుడు అన్‌కెచాగ్ జాతి వాళ్ల ఊరికి వెళ్లాడు. అప్పటికే ఆ భాష వచ్చినవాళ్లు అక్కడ ముగ్గురు ముసలమ్మలే మిగిలారు. వాళ్లలో ఇద్దరి నోటి వెంట విని రెండు వందలకు అటూ ఇటూ మాటలు రాసుకున్నాడు. ఆ కాగితం భద్రంగా ఉంది. రాసినవాడి పేరు ప్రపంచమంతటికీ తెలుసు. చెప్పిన ఆ ఇద్దరు ముసలమ్మల పేర్లు కాగితంలో లేవు.

గత పదిహేనేళ్లుగా అన్‌కెచాగ్ వాళ్లు స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం భాషా శాస్త్రవేత్తలతో కలిసి తమ భాషను తిరిగి నిలబెట్టుకునే ప్రయత్నంలో ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారాల్లో ఆ పట్టిక ఒకటి. వాళ్లు ఆ రెండు వందల మాటల నుంచి బయల్దేరి, బంధుభాషల సాయంతో మిగతా మాటలు ఊహించుకోవాల్సి వస్తోంది. ఆ రోజు ఆ ఊళ్లో ఇంకో నెల కూర్చుని వినగలిగినవాడు ఉండి ఉంటే వాళ్ల పని ఎంత సులువయ్యేది! కాగితం 230 ఏళ్లు బతికింది. చెప్పగలిగిన నోరు మాత్రం ఒక తరం కూడా ఆగలేదు. నా వాదనకు ఇదే మొదటి మెట్టు.

2

రెండో మెట్టు కేటలాగు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈ మాట గ్రంథాలయం బయటి వాళ్లకు చప్పగా వినిపిస్తుంది గానీ, ఉన్న పుస్తకం దొరకడమా దొరక్కపోవడమా అన్నది తేలేది ఇక్కడే.

చికాగోలో న్యూబెరీ గ్రంథాలయం ఉంది. 1887లో మొదలైంది. రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు సరఫరా చేసి డబ్బు గడించిన ఎడ్వర్డ్ అయర్ అనే వ్యాపారి జీవితమంతా అమెరికా ఆదివాసుల గురించిన పుస్తకాలు, రాతప్రతులు, పటాలు, చిత్రాలు సేకరించాడు. 1911లో 17,000కు పైగా ప్రతులను ఆ గ్రంథాలయానికి ఇచ్చేశాడు. ఈ రంగంలో ప్రపంచంలోనే పేరెన్నికగన్న సేకరణల్లో అది ఒకటి. అందులో 1515 అనే నంబరు రాతప్రతి ఉంది. గ్వాటెమాలాలోని చిచికాస్తెనాంగో ఊళ్లో ఫ్రాన్సిస్కో హిమెనెస్ అనే స్పెయిన్ పాదిరీ 1700ల తొలి ఏళ్లలో రాసిన ప్రతి అది. పేజీని రెండు నిలువు వరసలుగా విడగొట్టాడు. ఎడమవైపు కీచే మాయా భాష, కుడివైపు తన స్పానిష్ అనువాదం. ఆ పేజీల్లో ఉన్నది పోపోల్ వూహ్. కీచే జాతి సృష్టి గాథ, వంశ చరిత్ర. ఆయన చూసి రాసుకున్న పాత ప్రతి ఏమైందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఇప్పటికి మిగిలిన అత్యంత పురాతన పాఠం ఇదే.

ఆ ప్రతి గ్వాటెమాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయం నుంచి ఒక ఫ్రెంచి మతాచార్యుడితో పారిస్ చేరి, చేతులు మారి, అయర్ చేతికి వచ్చి, చికాగో చేరింది. హిమెనెస్ రాసిన మూడు మాయా భాషల వ్యాకరణంతో కలిపి కట్టిన సంపుటం అది. గ్రంథానికి పేరు ఆ వ్యాకరణానిదే. ఒక జాతి తన పుట్టుక గురించి చెప్పుకున్న కథ, పాదిరీ రాసిన వ్యాకరణం అట్ట వెనక ఉండిపోయింది. 1941లో గ్వాటెమాలా పండితుడు ఆడ్రియన్ రెసినోస్ అక్కడికి వెళ్లి దాన్ని గుర్తించి, 1947లో స్పానిష్‌లో కొత్త అనువాదం అచ్చువేసేదాకా, అది అక్కడుందన్న సంగతి లోకానికి సరిగా పట్టలేదు. ఇప్పుడు ఆ ప్రతి పేజీలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. గ్వాటెమాలా కొండల్లో ఉన్న కీచే ఉపాధ్యాయుడు ఫోన్ తెర మీద పెద్దది చేసుకుని సిరా గీతలు చదువుకోవచ్చు. ఇది మామూలు సంగతి కాదు. నేను యంత్రానికి వ్యతిరేకినని ఎవరూ అనుకోవద్దు.

పని జరిగే గదిలోకి వెళ్లి చూద్దాం. ప్రతిని బల్లపరుపుగా విప్పి నొక్కకూడదు, కుట్టు తెగుతుంది. ఆంగ్ల వి అక్షరం ఆకారంలో ఉన్న మెత్తటి దిమ్మ మీద సగం తెరిచి ఆనిస్తారు. పక్కన రంగుల పట్టీ, కొలబద్ద పెడతారు. సిరా అసలు రంగు, కాగితం అసలు కొలత తర్వాతివాళ్లకు తెలియాలి. ఖాళీ పేజీని కూడా వదలరు. వదిలితే అక్కడ పేజీ ఖాళీగా ఉందో, తీయడం మరిచారో ఎప్పటికీ తేలదు. అంచుల్లోని చిన్న రాతలు తెగిపోకుండా కాగితం చుట్టూ నల్లటి అంచు కనిపించేలా తీస్తారు. ఇదంతా నేర్చుకుంటే వచ్చే పని. శ్రద్ధగల కుర్రాళ్లు కొద్ది వారాల్లో పట్టేస్తారు.

తర్వాతి గదిలో పని అంత తొందరగా అబ్బదు. ఆ బొమ్మ కింద ఏం రాయాలి? ఎవరి పేరుతో వెతికితే దొరకాలి? మన సంగతే చూడండి. తెలుగు పుస్తకాలను పెద్దయెత్తున స్కాన్ చేసిన ప్రయత్నం ఇరవై ఏళ్ల కిందట జరిగింది. దాని పుణ్యమా అని దొరకని పుస్తకాలెన్నో ఇవాళ మన కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ పనిచేసినవాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ వాటిలో వెతికినవాళ్లను అడగండి. పేరు రోమన్ లిపిలో, అదీ తప్పుగా. రచయిత పేరు ఉండాల్సిన చోట సంపాదకుడు. పైన ఒక పుస్తకం పేరు, తెరిస్తే మరో పుస్తకం. అచ్చు పుస్తకం, అదీ మన భాషలోనిది, కళ్లెదుట ముఖపత్రం ఉన్నదీ ఇలా అయితే, పేరే లేని సవర పాట రికార్డు గతి, ‘కొండజాతి స్త్రీ’ అని మాత్రమే రాసున్న ఫొటో గతి ఏమిటి?

3

అలాంటి రికార్డు ఒకటి పేరు తిరిగి తెచ్చుకున్న సంగతి చెబుతాను.

1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు ఎడిసన్ కొత్తగా తెచ్చిన ఫోనోగ్రాఫ్ పట్టుకుని అమెరికా ఈశాన్యపు కొస రాష్ట్రం మెయిన్‌లోని క్యాలిస్ పట్టణానికి వెళ్లాడు. అక్కడ పాసమక్వాడీ జాతి వాళ్ల పాటలు, కథలు మైనపు గొట్టాల మీద పట్టాడు. ఒక్కో గొట్టం మీద రెండు మూడు నిమిషాలే పడుతుంది. ప్రజల మధ్యకు వెళ్లి ధ్వనిని రికార్డు చేయడం ప్రపంచంలో అదే మొదలని చెబుతారు. ఆ 31 గొట్టాలు హార్వర్డ్‌లోని పీబడీ మ్యూజియంలో ఉండి, 1970లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చేరాయి. 1980లలో టేపు మీదకు ఎక్కించి ఆ జాతికి కాపీలు ఇచ్చారు. వింటే గరగర శబ్దమే ఎక్కువ, మాట తక్కువ.

ఆ తర్వాత కొత్త సాంకేతికతతో మళ్లీ శుభ్రపరిచారు. ఈసారి గ్రంథాలయం ఆ పని మధ్యలోనే పాసమక్వాడీ పెద్దలను పిలిచి కూర్చోబెట్టింది. వాళ్లు చెవులు రిక్కించి, ఒకే రెండు నిమిషాల ముక్కను పదే పదే విన్నారు. ఒక మాట పట్టుబడితే పక్క మాట అందేది. అలా అందిన మాటలను తమ భాషలో రాసుకున్నారు. 2018లో లైబ్రరీ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు పాటల పేర్లు పాసమక్వాడీ భాషలో కూడా వచ్చాయి. పక్కనే ఆ జాతి ఇచ్చిన సూచన పట్టీలు ఉన్నాయి. ఇది మాది, మా పేరు చెప్పి వాడుకోండి, వ్యాపారానికి వాడకండి అన్నది వాటి సారం. 1890 నాటి కాగితంలో ఫ్యూక్స్ రాసినది చెరపలేదు. దాని పక్కన ఆ జాతి మాట చేరింది. అంతే. కానీ వెతికేవాళ్లకు ఇప్పుడు కనిపించేది వేరే రికార్డు.

ఇప్పుడు గమనించండి. శుభ్రపరిచే యంత్రం పదేళ్లు ఆలస్యమైనా వచ్చేదే, ఇంకా మెరుగైనదే వచ్చేది. ఆ గరగరలో మాటను పట్టగల చెవి పదేళ్ల తర్వాత ఉంటుందా? పాసమక్వాడీ భాష మాట్లాడేవాళ్లు కొన్ని వందల మందే. వాళ్లలోనూ పాత మాటలు తెలిసినవాళ్లు ముసలివాళ్లు.

4

మనిషిని ముందు పిలిస్తే ఇంకో సంగతి తేలుతుంది. అన్నీ తెరవకూడదని.

అమెరికాలో 1990లో ఒక చట్టం వచ్చింది. మ్యూజియాల్లో ఉన్న ఆదివాసుల అస్థికలు, సమాధి వస్తువులు, పూజా వస్తువులు వాళ్లకు తిరిగి ఇవ్వాలన్నది దాని సారాంశం. కాగితాలు, ఫొటోలు, టేపులు ఆ చట్టం కిందకు రావు. కాబట్టి గ్రంథాలయాలు ఇక్కడ చట్టం కోసం చూడకుండా తమ మనస్సాక్షితో నడవాల్సి వచ్చింది. 2006లో ఆదివాసీ, ఆదివాసేతర ఆర్కైవిస్టులు, గ్రంథపాలకులు, పండితులు అరిజోనాలో కూర్చుని ఒక మార్గదర్శక పత్రం రాశారు. అమెరికా ఆర్కైవిస్టుల సంఘం దాన్ని ఆమోదించడానికి 2018 దాకా పట్టింది. పన్నెండేళ్ల ఆ జాప్యం వెనక ఉన్నది ఒక నిజాయితీ గల భయం. జ్ఞానం అందరిదీ, తలుపు మూయడం మా వృత్తి ధర్మానికి విరుద్ధం అని గ్రంథపాలకులు అనుకున్నారు. నేనూ గ్రంథాలయాల్లో పెరిగినవాణ్నే, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దానితో ఏకీభవించను.

ఫిలడెల్ఫియా సొసైటీ ఏం చేసిందో చూడండి. టేపులు, రాతప్రతులు డిజిటల్ చేస్తూనే చెరోకీ, పెనోబ్‌స్కాట్, టస్కరోరా, ఒజిబ్వే జాతులతో కలిసి పనిచేసింది. 2014లో ఆదివాసీ పరిశోధనకు ప్రత్యేక కేంద్రం పెట్టింది. మంత్రాలు, వైద్యం, కర్మకాండ, సమాధులకు సంబంధించినవి ఉంటే ఆ జాతిని అడగకుండా ఇంటర్నెట్‌లో పెట్టబోమని, కాపీలు ఇవ్వబోమని నియమం రాసుకుంది. ప్రతులు ధ్వంసం కాలేదు, మాయం కాలేదు. ఎవరిని అడగాలో మాత్రం మారింది. ఏది గుట్టుగా ఉంచాల్సినదో ఆ జాతుల్లో పుట్టిపెరిగినవాళ్లే చెప్పగలరు. బయటివాడికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక ఇంట్లో దేవుడి గదికి, వసారాకు తేడా ఆ ఇంటివాళ్లకే తెలిసినట్టు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. వ్యాపార సంస్థలు గ్రంథాలయాల అరుదైన సేకరణలను స్కాన్ చేసి, విశ్వవిద్యాలయాలకు చందా మీద అమ్ముతాయి. గ్రంథాలయానికి ఖర్చు మిగులుతుంది, పని తొందరగా అవుతుంది. ఎవరి చరిత్రో వాళ్లు మాత్రం ఏదో ఒక విశ్వవిద్యాలయంలో చేరితే గానీ తమ తాత సంతకం చేసిన ఒప్పందాన్ని చూడలేరు. మూయాల్సినది తెరిచి, తెరవాల్సినది మూసే పని ఇది. ఆ వ్యాపార సంస్థలతో ఒప్పందం రాసుకునే రోజునే, ఆ జాతికి ఉచితంగా, శాశ్వతంగా ప్రతులు అందాలన్న షరతు పెట్టుకోవాలి. తర్వాత పెట్టలేరు.

5

ఇక మన నేల మీదకు వస్తాను.

ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయాడు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకాలు రాశాడు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం నేలకొరిగాక గోండుల భూముల గోడు నిజాం ప్రభుత్వానికి పట్టిన రోజులవి. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యే ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండీ బడి మొదలైంది. బెట్టీ సమాధి కూడా మార్లవాయిలోనే ఉంది. ఆయన కాగితాలు, ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. ఫొటోలను డిజిటల్ చేసి అక్కడివాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. 1940ల ఆదిలాబాద్‌ను మనం ఇవాళ ఇంట్లో కూర్చుని చూడొచ్చు. లండన్ గ్రంథపాలకులు తమ పని తాము చేశారు.

ఇక మన వంతు పని మిగిలి ఉంది. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎవరు? వాళ్ల ఇంటిపేరేమిటి? గోండుల శాఖల్లో నాలుగు దేవరలవాళ్లా, ఏడు దేవరలవాళ్లా? కిక్రి వాద్యం పట్టుకుని కూర్చున్న ప్రధాన్, అంటే గోండుల గాయకుడు, ఏ ఊరివాడు? వెనక కనిపిస్తున్నది గోండుల దేవుడు పెర్సపేన్ పూజలో భాగమా, దాన్ని అందరికీ చూపించవచ్చా? ఇవి చెప్పగలవాళ్లు ఆ జిల్లాలో ఉన్నారు. కానీ 1942లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభై దాటాయి. ఈ లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు.

సమయానికి అడిగితే ఏం జరుగుతుందో కూడా ఆదిలాబాదే చూపించింది. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి చదవగలిగిన కొద్దిమంది పెద్దలు అప్పటికి ఊళ్లోనే ఉన్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారు వాళ్ల దగ్గరకు వెళ్లారు. పెద్దలు చదివారు, పిల్లలకు నేర్పారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇవాళ ఆ లిపిలో కంప్యూటర్ మీద టైపు చేయొచ్చు. ఇదే ఇరవై ఏళ్లు ఆలస్యమై ఉంటే మన దగ్గర చక్కటి స్కాన్లు ఉండేవి, చదివేవాళ్లు ఉండేవారు కాదు.

‘మరి పాడైపోతున్న వాటి సంగతేమిటి?’ అని అడగడం న్యాయమే. వెనిగర్ వాసన కొడుతున్న పాత ఫిల్ము, పొరలు ఊడుతున్న టేపు, పురుగు పట్టిన తాటాకు ఆగవు. వాటిని వెంటనే తీయాలి. చల్లటి గదిలో భద్రంగా ఉన్న అచ్చు పుస్తకం, మంచి కాగితం మీది ఫొటో మాత్రం ఇంకో పదేళ్లు ఆగుతాయి. ఇలాంటివాటికి మొదట కావాల్సింది ఖరీదైన కెమెరా కాదు. ఫోన్‌తో తీసిన మామూలు బొమ్మలను ఊరికి పట్టుకెళ్లి, అరుగు మీద పరిచి, పెద్దలు చెప్పింది రాసుకుంటే చాలు. మంచి స్కాన్ తర్వాత తీరిగ్గా చేయొచ్చు. కేటలాగు మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంటుంది, అదీ చెప్పినవాళ్ల పేర్లతో సహా. ఆ పేర్లు మొదటి పేజీలోనే ఉండాలి. అన్‌కెచాగ్ ముసలమ్మలకు జరిగింది మన ముసలమ్మలకు జరగకూడదు.

కాబట్టి ఈ సభలో ఉన్న గ్రంథాలయాల అధికారులకు ఒక విన్నపం. డిజిటల్ పనికి నిధులు అడిగేటప్పుడు స్కానర్ ధర కన్నా ముందు వరసలో ఆదివాసీ పెద్దల గౌరవ పారితోషికం, వాళ్ల ప్రయాణ ఖర్చు, వాళ్ల భాష వచ్చిన ఇద్దరు యువకుల జీతం రాయండి. పూర్తయిన ప్రతుల ఒక సెట్టు ఆ ఊరి బడిలో, నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఉంచండి. సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర ఉపాధ్యాయ మిత్రులారా, మీరు అడగడానికి మొహమాటపడొద్దు. మీ తాతలు చెప్పినదాంతో తయారైన పుస్తకాలు ఏ గ్రంథాలయంలో ఉన్నా వాటి కాపీ కోరే హక్కు మీకుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఈ వేదిక మీద నేను వెతుక్కోనక్కర్లేదు. గిడుగు వారి 1931 వ్యాకరణం ఉంది, 1938 నిఘంటువు ఉంది. వాటిలోని మాటలు, ఉదాహరణ వాక్యాలు, కథలు ఏ ఊరి సవర మాటో, ఇవాళ ఏవి వాడుకలో ఉన్నాయో, ఏవి తాతల నోట మాత్రమే ఉన్నాయో చెప్పగలవాళ్లు సీతంపేట కొండల్లో, ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నారు. ఆ రెండు పుస్తకాల పేజీలు పట్టుకుని ఈ ఏడాదే వాళ్ల దగ్గరకు వెళ్లండి. ఖర్చు పెద్దది కాదు. ఈ ఉపన్యాస నిధి నిర్వాహకులు వచ్చే ఏటి ఉపన్యాసానికి పెట్టే డబ్బును ఈ ఏటికి ఆ పనికి మళ్లించినా నాకు సంతోషమే. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటివాడికి బదులు ఆ పని చేసి వచ్చిన సవర యువతీ యువకులు నిలబడి, తమకు ఎవరెవరు ఏం చెప్పారో పేరుపేరునా చెప్పే ఏర్పాటు చేయమని మిమ్మల్ని కోరుతున్నాను.